గూడు జారిన పక్షిపిల్ల



నేటి నా ప్రసంగ విషయము మిక్కిలి చిన్నది, అఱచేతిలో ఇముడునంతటిది. గూటినుండి జారి నేలబడిన పక్షిపిల్ల కంటబడినప్పుడు మనమేమి చేయవలెను, ఏమి చేయరాదు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే నా యుద్దేశము. విషయము చిన్నదైనను ఇందు ఒక ప్రాణముతోడి పని కలదు. ప్రతి వేసవియందును మన పల్లెలలోను పట్టణములలోను ఎన్నియో పక్షిపిల్లలు దయగల జనుల చేతులలోనే మరణించుచున్నవి. ఆకలిగొన్నదని పాలు పోయుదురు. దప్పిగొన్నదని నోట నీరు పిండుదురు. దిక్కులేనిదని తలచి, తల్లిదండ్రులు ప్రక్క కొమ్మపైనుండి చూచుచుండగనే ఇంటికి కొనిపోవుదురు. దయ యుండుట మంచిదే; ఆ దయకు కొంత తెలివి తోడు కావలెను.

మా హసన్‌పర్తి హనుమకొండనుండి కరీంనగరమునకు పోవు బాటపై నున్నది. చెఱువు, వరిపొలములు, పత్తిచేలు, తాటిచెట్లు, చేరువనే ఎఱ్ఱగట్టు గుట్ట - ఇట్టి తావు పక్షులకు అనువైనది. మోడువాఱిన తాళ్ల తొఱ్ఱలలో చిలుకలును పాలపిట్టలును, కంచెల పొదలలో పికిలిపిట్టలును, నీటిపైకి వంగిన కొమ్మలకు గిజిగాండ్లును, పాత పెంకుటిండ్ల దూలముల సందులలో పిచ్చుకలును గోరువంకలును కాపురముండును. మార్చి మొదలుకొని ఆగస్టు వరకు వీనిలో పెక్కింటికి పిల్లలను పెంచుకొను కాలము. రోళ్లు పగులు రోహిణి యెండలును, చెట్లను వంచివేయు గాలిదుమారములును, తొలకరి వానలును ఆ నెలలలోనే వచ్చును. విద్యుత్తీగల కడ్డమని కొమ్మలు నఱకుటయు, వానకు ముందు ఇంటికప్పు సవరించుకొనుటయు అప్పుడే జరుగును. కాబట్టి ఆ కాలమున పిల్లలు నేలబడుట సహజము.

నేలబడిన పిల్ల కనబడగనే మొదట చేయవలసినది నిలిచి చూచుట. అట్టి పిల్లలు రెండు విధములు. ఒంటిపై ఈకలు లేక, కన్నులు మూసికొని, లేదా ఈకల మొలకలు ముండ్లవలె పొడుచుకొనివచ్చుచు, కాళ్లపై నిలువజాలని పిల్ల మొదటి విధము. దీనిని గూటిపిల్ల యందము. ఒడలెల్ల ఈకలు కప్పి, తోక పొట్టిగా నుండి, గెంతుచు, వ్రేలు చాపినచో గోళ్లతో గట్టిగా పట్టుకొనునది రెండవ విధము. ఇది గూడు విడిచిన పిల్ల.

ఈ రెండవ పిల్ల గూటినుండి పడినది కాదు. తనంతట తాను దిగివచ్చినది. పిచ్చుకపిల్ల సుమారు రెండు వారములును, గోరువంకపిల్ల మూడు వారములకు పైగాను గూటిలో పెరుగును. గూడు విడిచిన నాడే చక్కగ ఎగురుట వానికి చేతకాదు. కొన్ని దినములు నేలపైనను పొదలలోను గెంతుచు ఱెక్కలకు బలము తెచ్చుకొనును. ఆ దినములలో తల్లిదండ్రులు ఎఱ తెచ్చి నోట పెట్టుచునే యుండును. పురుగును పట్టుట, డేగను చూచి దాగుట, తన జాతి కూతలను గ్రహించుట - ఇవన్నియు పిల్ల అప్పుడే నేర్చుకొనును. అట్టి పిల్లను మనము కాపాడినామని యింటికి తెచ్చుట, బడికి పోవుచున్న బాలుని దారిలో నెత్తుకొనివచ్చుట వంటిది. పిల్లియో కుక్కయో బండ్లరాకపోకలో దగ్గఱనున్నచో దానిని మెల్లగ తీసి సమీపమందలి గుబురుకొమ్మపై నుంచి తొలగిపోవలెను. మన మచ్చట నిలిచియున్నంతవఱకు తల్లి దిగిరాదు.

ఇచ్చట నొక ముచ్చట చెప్పవలసియున్నది. కోయిల తన గ్రుడ్లను కాకిగూటిలో పెట్టునని మీ రెఱుగుదురు. ఆ కోయిలపిల్ల గూడు విడిచినపిమ్మటను కాకులే దానికి మేత పెట్టును. అది నేలనున్నప్పుడు మనము చేరువకు పోయినచో కాకులు మన తలపై తన్నును. జనులు దానిని చూచి, పరాయిపిల్లను కాకులు పొడిచి చంపుచున్నవని తలచి, పిల్లను తీసికొనిపోవుదురు. కాకులు పొడువ జూచునది మనలను, పిల్లను కాదు.

ఇక గూటిపిల్ల సంగతి. దీనికి మన సహాయము నిజముగ కావలెను. కాని ఆ సహాయములో మేలైనది దానిని మఱల గూటిలో చేర్చుట. మనుష్యుడు ముట్టినచో ఆ వాసనకు తల్లి పిల్లను చేరనీయదని మనలో నొక నమ్మకము కలదు. ఈ నమ్మకమువలన గూటికి చేరవలసిన పిల్లలెన్నియో చేరకున్నవి. ఇది నిజము కాదు. పక్షి తన పిల్లను విడనాడుటకు మన చేతివాసన కారణము కాదు. గూడున్న తావును, నోరు తెఱచి అఱచు పిల్లను చూడగనే తల్లి మేత పెట్టును. కావున చేతులు కడుగుకొని, పిల్ల చల్లబడియున్నచో అఱచేతులనడుమ వెచ్చబఱచి, గూడు కనబడినచో అందుంచవలెను.

గూడు చెదరినచో మఱొక గూడు మనమే చేయవచ్చును. చిన్న వెదురుబుట్టయో, అడుగున నీరు కాఱిపోవుటకు రంధ్రములు చేసిన డబ్బాయో తీసికొని, ఎండుగడ్డి పఱచి, పాతగూటి నారయేమైన మిగిలియున్నచో అదియు చేర్చి, పూర్వపు గూడున్న కొమ్మకే, లేదా దానికి మిక్కిలి చేరువగా, నీడపట్టున గట్టిగా కట్టవలెను. పిల్లను అందుంచి, దూరముగా తొలగి, కిటికీచాటునుండి రెండు గంటలకాలము ఓపికతో చూడవలెను. తల్లియో తండ్రియో ఎఱతో వచ్చినచో మన పని ముగిసినది. పగటివేళనే ఈ పని చేయవలెను; చీకటిపడిన పిమ్మట పెక్కు పక్షులు మేతకు తిరుగవు.

తల్లిదండ్రులు చనిపోయినవి, లేదా ఎంత చూచినను రాలేదు, లేదా పిల్ల గాయపడినది - అప్పుడు మాత్రమే దానిని ఇంటికి తేవలెను. పిల్లినోట పడినదైనచో గాయము కంటికి కనబడకున్నను నమ్మరాదు. పిల్లిపండ్లయందలి సూక్ష్మజీవులు రక్తమున చేరి ఒకటి రెండు దినములలో పిల్లను చంపును. దానికి పశువైద్యుడిచ్చు మందు తప్ప వేఱుగతి లేదు. పసుపు పూసి యూరకుండుట చాలదు. వరంగల్లునకు చేరువనున్న మామునూరులో పశువైద్య కళాశాల కలదు. మండలములందు పశువైద్యశాలలు కలవు. ఇంత చిన్న పిట్టకొఱకు వైద్యునివద్దకు పోవుటకు సిగ్గుపడ నక్కఱలేదు.

ఇంటికి తెచ్చిన పిల్లకు మొదట కావలసినది వెచ్చదనము, ఆహారము తరువాతిది. చల్లబడిన పిల్ల కడుపులో ఆహారము జీర్ణము కాదు. అట్టపెట్టెకు గాలిరంధ్రములు చేసి, లోపల మెత్తని గుడ్డను గిన్నెవలె మడచి, అందు పిల్లను కూర్చుండబెట్టవలెను. దారపుపోగులు లేచిన గుడ్డ పనికిరాదు; గోళ్లు చిక్కుకొనును. నున్నని కాగితముపై నుంచినచో కాళ్లు ప్రక్కలకు జారి వంకరపోవును. ఈకలు లేని పిల్లకు 32 మొదలు 35 డిగ్రీల వెచ్చదనము కావలెను. సీసాలో వేడినీరు పోసి, గుడ్డ చుట్టి, పెట్టెలో నొకమూల నుంచినచో చాలును. పూర్వపు గాజుబల్బులవలె నేటి ఎల్.ఇ.డి. దీపములు వేడి నీయవు, వానిని నమ్ముకొనరాదు. మా వరంగల్లు వేసవిలో పగటియెండ 40 డిగ్రీలు దాటునప్పుడు వెచ్చజేయుటకు మాఱుగా చల్లని నీడను వెదుకవలసివచ్చును. పిల్ల నోరు తెఱచి రొప్పుచు మెడ చాపినచో వేడి యెక్కువైనదని గుర్తు. తిరుగుచున్న పంఖాక్రింద మాత్రము ఉంచరాదు.

ఇక నీటి విషయము. పక్షి నాలుక మొదట, నోటి అడుగుభాగముననే, ఊపిరిగొట్టపు ద్వారమున్నది. పిల్ల నోరు తెఱచినప్పుడు చూచినచో ఆ చిన్న రంధ్రము మనకు కనబడును. నోట పిండిన నీరు అందు దిగి ఊపిరితిత్తులలో చేరును. మంచినీటితో పిల్లలు చనిపోవుట ఇందువలననే. గూటిలోని పిల్లలకు వేఱుగ నీరు అక్కఱలేదు. తల్లి తెచ్చు పురుగులలోని తేమయే వానికి చాలును. కాబట్టి మనము పెట్టు మేతనే తడిగా పెట్టవలెను. ఆవుపాలు గాని గేదెపాలు గాని ఎన్నడును పోయరాదు. పాలుద్రావు జంతువులు కావు పక్షులు. పాలలోని చక్కెరను జీర్ణించుకొను శక్తి వానికి లేదు.

మఱి ఏమి పెట్టవలెను? గింజలు తిను పిచ్చుకయు గిజిగాడును సైతము తమ పిల్లలకు మొదట పురుగులనే పెట్టును. పెరుగు ఒడలికి మాంసకృత్తులు కావలెను గదా! వట్టి అన్నము, రొట్టె కడుపు నింపునే కాని ఎముకను, ఈకను పెంచవు. ఉడికిన కోడిగ్రుడ్డును మెత్తగ నలిపి, కొంచెము తడిచేసి, పెసరగింజంత ముద్దలుగా పెట్టవచ్చును. ఆ గ్రుడ్డుపెంకును మెత్తగ పొడిచేసి చిటికెడు కలిపినచో ఎముకలకు మంచిది. కాళ్లు త్రుంచిన మిడతలు, ఆకుపురుగులు శ్రేష్ఠములు. అయితే మందు చల్లిన పత్తిచేనిలోని పురుగులను తేరాదు. అంగడిలో దొరకు పిల్లుల ఆహారపుగుళికలను నీట నానబెట్టి మెత్తబఱచి పెట్టుటయు కలదు; కొన్ని దినముల కవి యుపకరించును. మొనలేని పుల్లతో మెల్లగ లోనికి అందింపవలెను. ఈకలు లేని పిల్లకు ప్రొద్దుపొడుపు మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు ఇరువది ముప్పది నిమిషముల కొకమాఱు మేత పెట్టవలెను. ఈకలు వచ్చినకొలది ఈ యెడము పెంచవచ్చును. రాత్రి పెట్ట నక్కఱలేదు. పెట్టెను వ్రేలితో మెల్లగ తట్టినచో, తల్లి వచ్చి వ్రాలినదని పిల్ల నోరు తెఱచును. నోరు మూసినచో ఆకలి తీరినదన్నమాట. బలవంతముగ క్రుక్కరాదు.

మేత దినినవెంటనే పిల్ల తెల్లని పలుచని పొరలో మూటగట్టినట్లు రెట్ట వేయును. గూటిలో తల్లి ఆ మూటను ముక్కున కఱచుకొని దూరముగ పాఱవేయును. ఆ పని మనము చేయవలెను. పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. వంటింటి గిన్నెలు ఇందుకు వాడరాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్లకు వ్యాధి సోకిన సంగతి మీకు జ్ఞాపకముండవచ్చును. ఒకే తావున పెక్కు పక్షులు చచ్చిపడియున్నచో వానిని ముట్టక పశుసంవర్ధకశాఖవారికి తెలుపవలెను.

పావురము, గువ్వ - వీని తీరు వేఱు. ఇవి మొదటి దినములలో పిల్లలకు తమ గొంతుసంచిలో ఊరు జున్నువంటి పదార్థమును పెట్టును. పిల్ల నోరు తెఱచి యఱవదు. తన ముక్కును తల్లినోట దూర్చి త్రాగును. కావున ఈకలు రాని పావురపుపిల్లను పెంచుట క్రొత్తవారికి సాధ్యము కాదు. వైద్యుని యొద్దకు చేర్చవలెను. ఈకలు వచ్చినదానికి నానిన పెసలు, శనగలు ఒక్కొక్కటిగ మెల్లగ నోటి కందింపవచ్చును.

చిలుక, పాలపిట్ట, గుడ్లగూబ, డేగ, పెద్దకొంగ మొదలగువాని పిల్లలు దొరకినచో ఇంట నుంచుకొనక అటవీశాఖవారికి అప్పగించుట మేలు. హనుమకొండలో వారి జంతుప్రదర్శనశాల కలదు. గుడ్లగూబపిల్ల కనబడినచో అశుభమని ఱాళ్లు విసరుట కొందఱి యాచారము. పొలమున ఎలుకలను తిని ధాన్యము కాపాడు పక్షి యది. రైతునకు దానికన్న మేలుచేయు పక్షి అరుదు.

శ్రోతలారా! ఇచ్చట నొక కఠినమైన మాట చెప్పక తప్పదు. కాపాడుట వేఱు, సొంతము చేసికొనుట వేఱు. పడిన చిలుకపిల్లను జాలితో తెచ్చినవారే రెండు నెలలు గడచునప్పటికి పంజరము కొనుచున్నారు. దానికి పేరు పెట్టి మాటలు నేర్పుదురు. నేలబడిన నాడు అది కోల్పోయినది గూటిని; పంజరమున కోల్పోవునది ఆకాశమును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమునుబట్టి చిలుకలను పట్టుట, అమ్ముట, పంజరమున పెంచుట నేరము. తెలంగాణ రాష్ట్ర పక్షియైన పాలపిట్టకు మఱొక యాపద కలదు. దసరానాడు దానిని చూచుట శుభమని మన పెద్దలు చెప్పిరి. జమ్మికి పోవుచు పొలిమేరలో దానిని చూచి వచ్చుట వారి యాచారము. దానిని పట్టి, పంజరమున నుంచి, వీథులలో త్రిప్పి రూకలకు చూపించుట మాత్రము వారు చెప్పిన శుభము కానేరదు.

ఆస్ట్రియాదేశపు శాస్త్రజ్ఞుడు కాన్రాడ్ లోరెంజ్ బాతుజాతి పక్షులను పరిశీలించి, గ్రుడ్డునుండి వెడలిన పిల్ల తాను మొదట చూచిన కదలు ప్రాణినే తల్లిగ నెంచి వెంటబడునని విశదము చేసెను. 1973లో మఱి యిద్దఱితో కలిసి ఆయన నోబెల్ బహుమానము నందెను. ఇతర పక్షిపిల్లలును మనుష్యులను మరగినచో తమజాతిని మఱచును; పిల్లిని, మనుష్యుని చూచి భయపడుట నేర్వవు. కావున మేత పెట్టువేళ తప్ప తక్కిన సమయమున పిల్లను తాకరాదు, ముద్దాడరాదు, ఇరుగుపొరుగువారికి చూపి ఛాయాచిత్రములు తీయరాదు. ఇది పిల్లలున్న యింట కష్టమే. అయినను వారికి నేర్పదగిన పాఠమే.

ఒక పిచ్చుక నేలగూలుటవలన మన దేశమునకు గొప్ప పక్షిశాస్త్రజ్ఞుడు లభించెను. సలీం ఆలీ బాలుడుగా నున్నప్పుడు గాలితుపాకితో కొట్టిన పిచ్చుకయొక్క గొంతున పసుపుమచ్చ కనబడెను. అదేమి పక్షియో తెలిసికొనుటకై ఆయన బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు పోయెను. ఆనాటి యా ప్రశ్న ఆయనను జీవితమంతయు విడువలేదు. 1931-32లో ఆయన హైదరాబాదు రాజ్యపు పక్షులను పరిశీలించి గ్రంథస్థము చేసెను. వరంగల్లు అప్పుడా రాజ్యములోనిదే. 1985లో ప్రకటించిన తన యాత్మకథకు ఆయన ‘ఒక పిచ్చుక పతనము’ అను నర్థము వచ్చు పేరే పెట్టెను. మన యింటి బాలుడు చేతిలో పిల్లతో పరుగెత్తివచ్చినప్పుడు కసరివేయక, ‘ఇది యేమి పక్షి? గూడెక్కడ?’ అని యడిగినచో ఎంత మేలు!

ఒక్క యిల్లు కాదు, ఊరికి ఊరే పక్షులకు అండగా నిలిచిన తావులును కలవు. శ్రీకాకుళము జిల్లా టెక్కలి సమీపమున తేలినీలాపురమను గ్రామమునకు ఏటేట గూడబాతులును ఎఱ్ఱకాళ్ల కొంగలును వచ్చి చెట్లపై పిల్లలను చేయును. అవి వచ్చుట ఊరికి శుభమని గ్రామస్థుల నమ్మకము. మన పొరుగు కర్ణాటకములో మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరున ఇండ్లనడుమ చెట్లపైనే గూడబాతులు గూళ్లు కట్టును. అచ్చట గూటినుండి పడిన పిల్లలకై ఒక దొడ్డి యేర్పఱచి, ఱెక్కలు వచ్చువఱకు చేపలు పెట్టి పెంచి విడుచుచున్నారు. 2007లో ఆ యూరు సమాజ సంరక్షణ క్షేత్రముగ ప్రకటింపబడెను.

విడుచుటయే ఈ పనిలో కడపటి ఘట్టము, అన్నిటికన్న కష్టమైనదియు. పిల్ల తానై గింజను పొడిచి, పురుగును పట్టి తినుచున్నదా? గదిలో నేలనుండి ఎగిరి ఎత్తున వ్రాలుచున్నదా? ఈ రెండును చూచుకొని, వానలేని యొక యుదయమున, దొరకిన తావునకే కొనిపోయి, దాని జాతి పక్షులు తిరుగుచున్నచోట పెట్టె తెఱువవలెను. కొన్ని దినములు అచ్చటనే మేతయు, వెడల్పైన మట్టిమూకుడులో నీరును ఉంచవలెను. అది తిరిగి రాకున్నచో చింతింపరాదు. దానికొఱకే యింత శ్రమపడితిమి.

అన్ని పిల్లలును బ్రతుకవు. అడవిలో తల్లిచెంత పెరిగిన పిల్లలలోనే పెక్కు మొదటి యేడు దాటవు. మన చేతిలో నొకటి పోయినచో అది మన దోషమని కుములుట తగదు. పెంచుట యిక మనకొద్దని విడుచుటయు తగదు. అంతకన్న పిల్లలు పడకుండునట్లు చూచుట మేలు. కొమ్మలు కొట్టుటకు ముందు గూళ్లున్నవేమో చూచి, ఉన్నచో కొన్ని వారములు ఆగవచ్చును. ఎండిన తాటిమోడు అడ్డము లేనిచో నిలువనీయవచ్చును. పిల్లల కాలమున పెంపుడుపిల్లిని ప్రొద్దుటిపూట ఇంటనే ఉంచవచ్చును. పూర్వము మన పెద్దలు చూరునకు వరికంకుల కుచ్చులు వ్రేలాడగట్టెడివారు. పెంకుటిల్లు పోయి కాంక్రీటు కప్పు వచ్చినను, వసారాలో ఒక కుచ్చునకును, ఒక చిన్న కొయ్యపెట్టెకును చోటు దొరకకపోదు.

ఈ వేసవిలో మీ వాకిట నొక పక్షిపిల్ల పడినచో ఈ నాలుగు మాటలు జ్ఞాపకముంచుకొనుడు: మొదట నిలిచి చూడుడు, సాధ్యమైనచో తల్లికి చేర్చుడు, సాధ్యము కానిచో వెచ్చగా కాపాడుడు, ఱెక్కలు వచ్చినంతనే విడువుడు.